కట్టెల పొయ్యి మీద కాలిఫోర్నియా విందు

'కట్టెల పొయ్యి మీద వండినదానికి అంత డబ్బు పుచ్చుకుంటారా! నేను ముప్ఫై రెండేళ్లు ఊరికే వండిపెట్టాను కదే...'

రైల్లో కూర్చోగానే అమ్మ అన్న మొదటి మాట ఇది. అన్నది నాతో కాదు, మనవరాలితో. మా తమ్ముడి కూతురు బుజ్జి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతోంది. వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేసి మొదటి జీతం అందుకుంది. ఆ డబ్బుతో నాన్నమ్మకీ అత్తకీ మంచిచోట భోజనం పెట్టించాలని ముచ్చటపడింది. ఏకంగా నెలరోజుల ముందే టేబుల్ బుక్ చేసి కూర్చుంది. 'అక్కడ అచ్చం మీ ఊళ్లోలాగే కట్టెలతో వండుతారు నాన్నమ్మా. నీకు చాలా నచ్చుతుంది' అని వారంరోజులుగా ఊరిస్తోంది. అమ్మ ముఖం చూస్తే ఊరినట్టు ఏమీ లేదు.

తమ్ముడు ఉండేది ఫ్రీమాంట్‌లో. అక్కడి నుంచి బర్క్‌లీకి బార్ట్ రైలు నేరుగా వెళ్తుంది. ముప్పావుగంటకు పైనే పట్టింది. తమ్ముడికీ మరదలికీ ఆరోజు ఏదో గృహప్రవేశం ఉండటంతో మేం ముగ్గురమే బయల్దేరాం. స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే సముద్రపు గాలి చల్లగా కొట్టింది. ఆగస్టు నెల, సాయంత్రం నాలుగున్నర, ఎండ ఫెళ్లున కాస్తోంది... అయినా చలే! చీర మీద స్వెటర్, కాళ్లకు స్పోర్ట్స్ షూస్- అమెరికా వచ్చిన మన అమ్మలందరి యూనిఫాంలోనే అమ్మ కూడా ఉంది కాబట్టి సరిపోయింది. షాటక్ అవెన్యూ వెంట ఉత్తరంగా పావుగంట నడిచాం. అలవాటు లేనివాళ్లకు కాస్త ఎత్తుగానే ఉంటుంది. అమ్మకు అలవాటే. నాకే ఆయాసం వచ్చింది.

ఈ చుట్టుపక్కల నాలుగు వీధులూ తిండిప్రియులకు యాత్రాస్థలమట. అమెరికన్లకు చిక్కటి కాఫీ రుచి మప్పిన పీట్స్ కాఫీ మొదటి దుకాణం 1966లో తెరిచింది ఇక్కడే. షే పనీస్‌కు ఎదురుగా 'చీజ్ బోర్డ్' అని ఇంకో దుకాణం ఉంది. 1967లో మొదలుపెట్టిన యజమానులు నాలుగేళ్లకే దాన్ని పనివాళ్లందరికీ సమానంగా పంచేశారు. ఇప్పటికీ అందులో పనిచేసేవాళ్లే యజమానులు. 'మన డ్వాక్రా సంఘంలాగా' అంది అమ్మ.

ఇవాళ ఏముంటే అది

షే పనీస్ బయటినుంచి చూస్తే హోటల్‌లా ఉండదు. రెండంతస్తుల పాత కొయ్య ఇల్లు. ముందొక పెద్ద చెట్టు. దీన్ని 1971 ఆగస్టు 28న ఆలిస్ వాటర్స్ అనే ఇరవై ఏడేళ్ల యువతి స్నేహితులతో కలిసి తెరిచింది. ఆమె హోటల్ పని నేర్చుకున్న మనిషి కాదు. బర్క్‌లీలో చదువుకుంటూ ఫ్రాన్స్ వెళ్లి ఏడాది ఉండి, అక్కడ బజారు నుంచి పొద్దున తెచ్చినవి మధ్యాహ్నం వండుకోవడం చూసి వచ్చింది. తర్వాత చిన్నపిల్లలకు మాంటిసోరి బడిలో పాఠాలు చెప్పింది. ఇంట్లో స్నేహితులకు వండిపెట్టినట్టే పదిమందికీ పెడదామనుకుని ఈ ఇల్లు తీసుకుంది. ఫ్రెంచి దర్శకుడు మార్సెల్ పన్యోల్ సినిమాల్లోని ఓ పాత్ర పేరు పనీస్. 'షే' అంటే ఫలానావారి ఇల్లు. అంటే 'పనీస్‌గారి ఇల్లు' అన్నమాట. ఆ సినిమాల పోస్టర్లు ఇప్పటికీ పై అంతస్తు గోడలకు ఉంటాయి.

తెరిచిననాడు భోజనం ఖరీదు 3 డాలర్ల 95 సెంట్లు. ఇప్పుడు కింది అంతస్తులో మనిషికి వంద డాలర్ల పైమాటే. ఆ అంకె అమ్మ చెవిన పడకుండా బుజ్జి చాలా జాగ్రత్తపడింది. కింద అందరికీ ఒకటే భోజనం, వాళ్లు ఏది వండితే అది. పైన కేఫేలో ఖర్చూ తక్కువ, మనకు నచ్చింది ఎంచుకునే వీలూ కొంత ఉంటుంది. శ్రావణమాసం కాబట్టి అమ్మ నీచు ముట్టదు. అందుకని మా టేబుల్ పైనే.

మెనూ కాగితం తెచ్చిచ్చారు. ఏ రోజు మెనూ ఆ రోజుదే. రాత్రికి రాత్రి మారిపోతుంది. పొద్దున తోటల నుంచి ఏం వచ్చిందో చూశాకే ఏం వండాలన్న ఆలోచన. ఇక్కడ టొమాటో ఎండాకాలంలోనే కనిపిస్తుంది, చలికాలంలో అడిగినా పెట్టరు. ఏ కాయ ఏ రైతు పొలంలోదో మెనూలో రాయడం మరో అలవాటు. 1976 అక్టోబరు 7న పూర్తిగా ఉత్తర కాలిఫోర్నియాలో దొరికిన సరుకుతోనే విందు చేసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో మెనూలో పేరుపేరునా చెప్పారు. అప్పటిదాకా అమెరికాలో పెద్ద హోటలంటే ఫ్రాన్స్ నుంచి దిగుమతైన డబ్బాలే గొప్ప. ఆ ధోరణిని తిప్పినవాటిలో ఆ విందు ఒకటంటారు. 1980ల్లో ఆలిస్ తన తండ్రికే పని అప్పజెప్పింది- తన హోటల్‌కు కూరగాయలు పండించే రైతును వెతికిపెట్టమని. ఆయన తోటలన్నీ తిరిగి సొనోమా ప్రాంతంలో ఒక రైతును పట్టుకున్నాడు. కూరలు తెచ్చిన బండి తిరిగి వెళ్లేటప్పుడు వంటింటి తొక్కల్నీ తుక్కునూ పొలానికి ఎరువుగా పట్టుకెళ్తుంది.

బుజ్జి ఇవన్నీ గొప్పగా చెబుతుంటే అమ్మ 'అంతేగా మరి' అన్నట్టు తలూపింది. ఆమెకు ఇందులో వింతేమీ తోచలేదు. మా పెరట్లో ఏది కాస్తే అదే ఆ పూట కూర. ఆషాఢంలో మునగాకు, సంక్రాంతికి గుమ్మడికాయ. మధ్యలో బెండకాయలు విరగకాస్తే పదిహేను రోజులపాటు బెండకాయే... మేం పిల్లలం కంచాల ముందు ఏడ్చేవాళ్లం. ఆ సంగతి మాత్రం ఏ మెనూలోనూ ఉండదు.

పొగ ఎటు పోతుంది?

కేఫేలో కూర్చుంటే వంటగది మనకు కనిపిస్తూనే ఉంటుంది. దాని నడుమ ఇటుకలతో కట్టిన పొయ్యి. 1980లో పై అంతస్తులో కేఫే పెట్టినప్పుడే దీన్నీ కట్టారు. ఇటలీలో కట్టెల పొయ్యి మీద కాల్చిన పిజ్జా తిని వచ్చిన ఆలిస్‌కు అలాంటిదే కావాలనిపించిందట. అప్పట్లో అమెరికా పెద్ద హోటళ్లలో ఇది కొత్త. రెండేళ్లకే లాస్ ఏంజెలెస్‌లో స్పాగో వచ్చింది. ఆ తర్వాత దేశమంతా కట్టెల పొయ్యిలే!

లోపల ఒక పక్కకు కట్టెలు మండుతుంటాయి. గుమ్మటంలా ఉన్న ఇటుకల కప్పు ఆ వేడిని పీల్చుకుంటుంది. బాగా కాగితే 400 డిగ్రీల సెల్సియస్ దాకా చేరుతుంది. అప్పుడు పిజ్జా రెండు మూడు నిమిషాల్లో కాలిపోతుంది. కాలిఫోర్నియాలో ఇలాంటి పొయ్యిలకు ఓక్‌తోపాటు బాదం కట్టెలూ ఎక్కువగా వాడతారు. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం ఈ ఒక్క రాష్ట్రానిదే. ముసలి తోటలు కొట్టేసినప్పుడు వచ్చే కట్టె ఇలా పొయ్యిలోకి చేరుతుంది. అమ్మకది వినగానే ప్రాణం ఉసూరుమంది. 'బాదం చెట్టునే!'

భోజనం రావడానికి ఇంకా టైముంది. అమ్మ కుర్చీలోంచి లేచి నెమ్మదిగా పొయ్యి వైపు నడిచింది. నాకు కంగారు. పిలుద్దామనుకునేలోపే బుజ్జి వెంట వెళ్లింది. నేనూ వెళ్లాను. ఇక్కడ అతిథులు వంటగది చూస్తామంటే ఎవరూ కాదనరు, సంతోషంగా చూపిస్తారు. పొయ్యి ముందు ఓ అమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయేమో. పొడవాటి కర్రతో పిజ్జాలు తిప్పుతోంది. అమ్మ మంటను చూడలేదు. పైకి, పొయ్యి నోటి మీదికి చూసింది.

'పొగ ఎటు పోతుందో అడుగు' అంది.

బుజ్జి అడిగింది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. చల్లగాలి పొయ్యి నోట్లో కిందినుంచి లోపలికి వెళ్తుంది. వేడెక్కిన పొగ అదే నోటి పైభాగం నుంచి వెనక్కి వస్తుంది. అది బయటపడేచోటే గొట్టం ఉంటుంది కాబట్టి నేరుగా కప్పు దాటి పైకి పోతుంది. కట్టెలన్నీ బాగా ఎండినవే వాడతారు.

'పచ్చివి ఎప్పుడూ రావా?'

'రావు. వస్తే వెనక్కి పంపేస్తాం.'

అమ్మ నావైపు తిరిగింది. 'విన్నావా... వెనక్కి పంపేస్తారంట.'

ఆ మాటలో ఏముందో బుజ్జికి తెలీదు. నాకు కొంత తెలుసు. మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. మా ఇల్లు నిలబడింది. కట్టెల మోపులూ పిడకల గూడూ కొట్టుకుపోయాయి. ఎటు చూసినా పడిపోయిన చెట్లే... అన్నీ పచ్చివి, నీళ్లు తాగినవి. ఆ చలికాలమంతా అమ్మ ఆ కట్టెలతోనే వండింది. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఇంట్లో వాళ్లకే కాదు, ఇళ్లు పోయి మా వసారాలో తలదాచుకున్న రెండు కుటుంబాలకీ ఆ పొయ్యి మీదే అన్నం ఉడికేది.

అమ్మ ఆ పిల్లనడిగిన ఆఖరి ప్రశ్న- 'కళ్లు మండవా?' అని. మండవని చెప్పి, 'ఇవి మాత్రం తప్పవు' అంటూ ఆ అమ్మాయి చేయి చాపి చూపించింది. మోచేతి కింద నాలుగైదు కాలిన గీతలు. అమ్మ స్వెటర్ చేయి పైకి లాగి తనవీ చూపించింది. ఆ పిల్ల 'ఓ' అని నవ్వి, చిన్న పిండిముద్ద తుంచి అమ్మ చేతిలో పెట్టింది, పట్టుకుని చూడమని. అమ్మ దాన్ని వేళ్లతో నొక్కి, 'బాగా నానింది' అని సర్టిఫికెట్ ఇచ్చేసింది.

టేబుల్ దగ్గరికొచ్చాక బుజ్జి ఉత్సాహంగా అడిగింది, 'చూశావా నాన్నమ్మా, మీ పొయ్యి లాంటిదే కదా?' అని.

'కాదే. ఇది గొట్టం ఉన్న పొయ్యి.'

1980ల్లో ప్రభుత్వం దేశమంతటా పొగరాని పొయ్యిల పథకం పెట్టినప్పుడు మా ఇంటికీ ఒకటి వచ్చింది. మూడో వానాకాలానికే దాని గొట్టం మసితో పూడుకుపోయింది. బాగుచేసేవాళ్లు లేక నాన్న దాన్ని పీకేసి పాత పొయ్యే వేశాడు. మా నాన్నమ్మ, అంటే అమ్మకు అత్తగారు, అప్పటికే రాత్రిళ్లు దగ్గుతో పడుకోలేకపోయేది. బెజవాడ తీసుకెళ్తే ఎక్స్‌రే చూసిన డాక్టరు 'చుట్ట అలవాటుందా?' అని అడిగాడు. నాన్న చాలా నొచ్చుకున్నాడు. మరుసటేడాది ఆమె పోయింది. ఈ కథ నేను విన్నదే. కానీ అమ్మ నోటి నుంచి ఆ తర్వాతి మాట వినడం అదే మొదటిసారి. 'అత్తయ్యగారు చుట్ట ముట్టి ఎరగరు. పొయ్యే ఆవిడకి చుట్ట. డాక్టరుతో ఆ మాట చెప్పాలని నాకుంది. మగాళ్లు మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడిపోయాను' అంది.

ఇళ్లలో కట్టెలూ పిడకలూ బొగ్గులూ కాల్చిన పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఆ అంకె నేను చాలాసార్లు చదివాను. చదువుతూనే 'కట్టెల పొయ్యి మీద వండిన పప్పుచారు రుచే వేరు' అని పదిమందిలో చెబుతూ వచ్చాను. పొయ్యి ఊదింది నేను కాదుగా! హైస్కూలుకే హాస్టల్‌కి వెళ్లిపోయాను. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాలకు గ్యాస్ ఇచ్చినప్పుడు అమ్మ తీసుకుంది. ఆ రోజు నుంచి మళ్లీ కట్టె వెలిగించలేదు. సంక్రాంతికి మేమంతా వెళ్లి 'ఒక్కపూట పెరట్లో పొయ్యి పెట్టమ్మా, పిల్లలు సరదాపడుతున్నారు' అంటే, 'మీరు పెట్టుకోండి, నేను కూర్చుని తింటాను' అనేది. బద్ధకం అనుకునేవాళ్లం.

ఉత్త పండేనా!

ముందు సలాడ్ వచ్చింది. రకరకాల ఆకుల మధ్య లావుపాటి కాడలూ గుండ్రటి చిన్న ఆకులూ చూసి అమ్మ కళ్లు పెద్దవి చేసింది. 'గంగపాయల కూర!' నిజమే. తెలంగాణలో గంగవాయిలి అంటారే, అదే. మన పొలాల్లో కలుపుతో పాటు పీకి పప్పులో వేసుకునేది ఇక్కడ నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపి పచ్చిగా వడ్డించారు. పుల్లపుల్లగా కరకరలాడుతూ బాగుంది. 'పప్పులో వేస్తే ఇంకా బాగుండును' అన్నది అమ్మ తీర్పు.

తర్వాత పిజ్జా. టొమాటోలు, తులసికి చుట్టమైన బేసిల్ ఆకు, పైన తెల్లటి చీజ్. అంచులు ఉబ్బి అక్కడక్కడా నల్లమచ్చలు పడ్డాయి. ఆ మచ్చల రుచి కోసమే జనం ఇంతదూరం వస్తారని బుజ్జి వివరించబోయింది. 'మాడింది' అని అమ్మ ఆ ముక్కలు తుంచి పక్కన పెట్టేసింది. మిగతాది మాత్రం పూర్తిగా తినేసింది. నిజం చెప్పాలంటే నాకా నల్లమచ్చలే నచ్చాయి. పైన కరకర, లోపల మెత్తన, ఎక్కడో చిన్న పొగ వాసన. చీజ్ కంటే టొమాటో రుచే ముందు తెలుస్తుంది. వేడి అంత ఎక్కువ, సమయం అంత తక్కువ కాబట్టి టొమాటో ఉడికి నీరవదు, పచ్చిగానూ ఉండదు. ఇంట్లో ఓవెన్‌లో అది రాదు. ఎన్నిసార్లు ప్రయత్నించానో!

చివర్లో స్వీటు బదులు ఓ గిన్నె తెచ్చి పెట్టారు. అందులో పీచ్ పళ్లు, రెండు అంజూరపళ్లు. అంతే! చక్కెర లేదు, క్రీమ్ లేదు.

'ఇంత డబ్బు పుచ్చుకుని ఉత్త పండు పెడతారా!'

ఈ మాట అమ్మే కాదు, ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది అంటారట. ఆ పండుకూ ఓ కథ ఉంది. ఫ్రెస్నో దగ్గర మసుమోటో అనే జపనీయుల సంతతి రైతు కుటుంబం సన్ క్రెస్ట్ అనే పాతరకం పీచ్ పండిస్తుంది. రసం, రుచి రెండూ బ్రహ్మాండం. కానీ ఎర్రగా మెరవదు, ఎక్కువరోజులు నిలవుండదు. దాంతో వ్యాపారులు కొనడం మానేశారు. 1980ల్లో తోట కొట్టేయాల్సిన పరిస్థితి వచ్చినప్పుడు ఆ రైతు తన బాధంతా పత్రికకు రాశాడు. తర్వాత దాన్ని 1995లో పుస్తకంగానూ తెచ్చాడు. జనం కదిలి పళ్లు కొన్నారు. షే పనీస్ కూడా ఆ తోట పళ్లు తెప్పించి వడ్డిస్తూ వచ్చింది. మన చిన్నరసాలకూ ఇదే తంటా కదా! లారీలో దూరం పోలేవు. బంగినపల్లి ఎక్కడికైనా పోతుంది, రసాలు ఊళ్లోనే మిగులుతాయి.

అమ్మ కత్తి పక్కనపెట్టి పీచ్‌ను చేత్తో పట్టుకుంది. రసం మోచేతి దాకా కారింది. రెండోది కూడా తీసుకుంది. ఇక ధర గురించి మాట్లాడలేదు.

బయటికొచ్చేసరికి ఏడు దాటింది. ఇంకా వెలుతురుగానే ఉంది. కిందికి దిగుతుంటే కింది వంటగది కనిపిస్తుంది. అక్కడా మంట ఉంది. 1982లో అగ్నిప్రమాదం జరిగి వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ కాలిపోయిందట. మళ్లీ గోడ కట్టకుండా తెరిచి ఉంచేశారు. 2013 మార్చిలో ముందుభాగం కాలి కొన్ని నెలలు మూసేశారు. నిప్పుతో కాపురం అంటే అంతే మరి.

స్టేషన్‌కు నడుస్తూ బుజ్జి ఇంకో విశేషం చెప్పింది. 2019లో ఈ బర్క్‌లీ నగరమే కొత్త ఇళ్లకు గ్యాస్ పైపులు వేయకూడదని చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి ఊరు ఇదే. వాతావరణానికి చేటని వాళ్ల వాదన. అమ్మ ఆగిపోయింది.

'గ్యాస్ వద్దన్నారా? ఎవరూ, మగాళ్లా?'

'కాదు నాన్నమ్మా, ఆ చట్టం తెచ్చిందే ఓ లేడీ కౌన్సిలర్.'

'మరి దేనిమీద వండుకోమంది?'

'కరెంటు పొయ్యి మీద.'

'ఆ, అయితే పర్లేదు' అని మళ్లీ నడక మొదలుపెట్టింది. హోటళ్ల సంఘం కోర్టుకెక్కడంతో 2023లో ఆ చట్టం చెల్లదని తీర్పొచ్చింది. మరుసటేడాది నగరం దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది. ఇళ్లలో కట్టెలు కాల్చడం మీద మాత్రం 2008 నుంచి ఇక్కడ ఆంక్షలున్నాయి. గాలి బాగాలేదని ప్రకటించిన రోజున పొయ్యి వెలిగిస్తే జరిమానానే. అడవులు తగలబడి 2020 సెప్టెంబరులో ఈ ఊళ్ల మీద ఆకాశం పట్టపగలే నారింజరంగుకు మారిన రోజును బుజ్జి ఇంకా మర్చిపోలేదు.

బే ఏరియాలోని పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఈ హోటల్ చూడాలనుకుంటే నెలరోజుల ముందే బుక్ చేసుకోవడం మంచిది. మాంసం తినకపోతే ముందుగానే చెప్పాలి. బార్ట్‌లో డౌన్‌టౌన్ బర్క్‌లీలో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు, పార్కింగ్ బాధ ఉండదు. సర్వీస్ చార్జీ బిల్లులోనే కలిపి ఉంటుంది కాబట్టి టిప్పు లెక్కలతో తలనొప్పి లేదు. పీచ్ పళ్లు తినాలంటే జూన్, ఆగస్టు నెలల మధ్య వెళ్లాలి. ఎంత ఎండాకాలమైనా స్వెటర్ తీసుకెళ్లండి. పెద్దవాళ్లను తీసుకెళ్తే, భోజనం వచ్చేలోపు పొయ్యి దగ్గరికి కూడా తీసుకెళ్లండి.